పొత్తిళ్ళ కింద గొంగడి

పొత్తిళ్ళలోని పసికందు అని కథల్లో, కావ్యాల్లో తరచు చదువుతూ ఉంటాము. పొత్తి అంటే పసిబిడ్డను చుట్టే మెత్తని బట్ట. ఆ బట్టకు రెండు పనులు. బిడ్డను వెచ్చగా ఉంచడం ఒకటి, బిడ్డ చేసిన తడిని పీల్చుకోవడం రెండవది. మొదటి పనిని కవులు ముచ్చటగా వర్ణించారు. రెండవ పనిని బాలింతకూ, ఆమె తల్లికీ, చాకిరేవుకూ వదిలిపెట్టారు. ఈ వ్యాసం ఆ రెండవ పనిని గూర్చినది. మరికొంత స్పష్టంగా చెప్పాలంటే, తడిని పీల్చుకునే నూలుగుడ్డకు అడుగున ఉండి ఆ తడిని అవతలికి పోనీయని ఉన్నిని గూర్చినది.

మా కల్లూరు ఖమ్మంనుంచి సత్తుపల్లి పోయే దారిలో ఉంటుంది. దక్షిణానికి దిగితే తిరువూరు, కృష్ణా సీమ. తూర్పున సత్తుపల్లి, అశ్వారావుపేట దాటితే గోదావరి అడవులు. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా వరంగల్లు జిల్లాలోనిదే. ఇటువంటి సరిహద్దు ఊళ్ళలో అలవాట్లు రెండు వైపులనుంచి వస్తాయి. మాటా అంతే. తొట్టెల అనేవారూ ఉయ్యాల అనేవారూ ఒకే వీధిలో ఉంటారు.

మా చిన్నతనంలో, అంటే 1970కి కాస్త అటూ ఇటూగా, పురిటింట పసిబిడ్డ పడక ఇలా ఉండేది. నులకమంచం మీద గాని, నేలపై ఈతచాప మీద గాని, అన్నిటికీ అడుగున నాలుగు మడతలు వేసిన పాత గొంగడి. దాని మీద పాత చీరెలు పేర్చి కుట్టిన బొంత. బొంత మీద తాతగారు కట్టి విడిచిన పంచెనుంచి చింపిన మెత్తని గుడ్డ. బిడ్డ తడిపినప్పుడల్లా పైగుడ్డ తీసి మరొకటి వేసేవారు. బొంత రోజూ ఎండలో పడేది. గొంగడి మాత్రం తన చోట తాను ఉండేది. అప్పుడప్పుడు దులిపి, దండెం మీద గాలికి వేస్తే దానికి అంతే చాలు. కొత్తగుడ్డ బిడ్డకు వేయరాదని పెద్దవాళ్ళు పట్టుబట్టేవారు. అందుకు దృష్టిదోషం అనీ మరొకటనీ కారణాలు చెప్పినా, కొత్త బట్టలో గంజి ఉంటుందనీ, పలుమార్లు ఉతికిన నూలుకే మెత్తదనమూ పీల్చే గుణమూ వస్తాయనీ వారికి బాగా తెలుసు.

బిడ్డకు మొలతాడు కట్టిన తరువాత గోచి మొదలు. మొలతాటికి ముందువైపు ఒక పేలిక దోపి, కాళ్ళ నడుమనుంచి వెనక్కు తీసి మళ్ళీ దోపితే అయిపోయింది. పిన్నీసు అక్కరలేదు. (నేటి పిన్నీసుకు అమెరికాలో వాల్టర్ హంట్ అనే ఆయన హక్కుపత్రం పొందినది 1849లో. మన మొలతాడు అంతకన్న ఎంత పాతదో లెక్క వేయడం కష్టం.) నిజానికి ఎండాకాలంలో గోచి కూడా ఉండేది కాదు. ఒంటిమీద మొలతాడు, కాళ్ళకు మువ్వలు, అంతే. కాబట్టి మన దగ్గర తడిని ఆపవలసిన చోటు బిడ్డ నడుము కాదు, బిడ్డ పడక. చలిదేశాలలో బిడ్డను బట్టలు లేకుండా ఉంచలేరు కనుక వారు ఉన్నిని బిడ్డ నడుముకు తొడిగారు. మనం బిడ్డ కింద పరిచాము. సూత్రం ఒకటే. నూలు పీల్చాలి, ఉన్ని కాపలా కాయాలి.

గొంగడిని బిడ్డ ఒంటికి తగలనిచ్చేవారు కాదు. దక్కని గొర్రె ఉన్ని ముతక. పెద్దవాళ్ళకే గుచ్చుకుంటుంది, పాలబుగ్గల మాట చెప్పాలా? గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్లు అనే సామెత ఊరకే పుట్టలేదు. గొంగళిపురుగుకు ఆ పేరు వచ్చినదీ ఆ బిరుసు నూగు వల్లనే. మధ్యలో బొంత ఉండి తీరవలసినది అందుకే.

గొంగడి ప్రస్తావన వచ్చినప్పుడు దానిని నేసేవారి మాట చెప్పకపోతే దోషం. మా వైపు గొర్రెలు కాచేది ఎక్కువగా గొల్లలు. గొంగళ్ళు నేయడం కురుమల విద్య. వారి ఊళ్ళు నల్లగొండ, వరంగల్లు, మెదకు, పాలమూరు దిక్కున ఎక్కువ. గొర్రెలకు ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. ఆ ఉన్నిని ఏకి ఆడవారు వడుకుతారు, మగవారు గుంటమగ్గం మీద నేస్తారు. నేతకు ముందు పడుగుకు చింతగింజల పిండి కాచిన గంజి పట్టిస్తారు. ఆ గంజివల్ల దారం గట్టిపడుతుంది, నేత దట్టంగా కూర్చుంటుంది. వానలో కాపరి గొంగడి కొస మడిచి తలమీద టోపీ చేసుకొని నిలబడితే, పైన పడిన చినుకు జారిపోతుందే గాని వెంటనే లోపలికి దిగదు. వానను ఆపినది బిడ్డ తడిని ఆపలేదా అన్న ఆలోచన మొదట ఏ తల్లికి తట్టిందో, ఆమె పేరు చరిత్రలో ఉండదు.

ఆ కులంలో ఒక విభజన ఉన్నది, నాకు ఎప్పుడూ ముచ్చటగా తోస్తుంది. పెళ్ళిలో ఉన్ని కంకణం కట్టుకునేవారు ఒక శాఖ, పత్తి కంకణం కట్టుకునేవారు మరొక శాఖ. దక్షిణ భారత కులాలను గూర్చి ఎడ్గార్ థర్స్టన్ 1909లో ప్రకటించిన ఏడు సంపుటాల గ్రంథంలో కన్నడ దేశపు కురుబల సందర్భంగా ఈ రెండు కంకణాల భేదం నమోదై ఉన్నది. పెళ్ళిపందిట్లో వేరుపడిన పత్తీ ఉన్నీ బిడ్డ పడకలో మళ్ళీ కలుసుకున్నాయన్నమాట!

ఈ రెండింటినీ ఒకే చోట చూచి వ్రాసిన పరదేశి ఒకడున్నాడు. పదమూడవ శతాబ్దం చివర మార్కో పోలో తెలుగు తీరాన్ని గూర్చి వ్రాస్తూ, ముట్ఫిలి అని ఒక రాజ్యాన్ని పేర్కొన్నాడు. అది మోటుపల్లి రేవు అనీ, అక్కడ ఏలుబడి చేస్తున్నదని అతడు మెచ్చుకున్న రాణి మన రుద్రమదేవి అనీ చరిత్రకారుల నిర్ణయం. వజ్రాల కథ అందరికీ తెలిసినదే. ఆ పక్కనే అతడు మరి రెండు మాటలు చెప్పాడు. ఇక్కడి సన్నని నూలుబట్టలు సాలెగూడులా ఉంటాయన్నది ఒకటి. ఇక్కడి గొర్రెలు లోకంలోనే పెద్దవన్నది రెండవది. వజ్రాల మీద కన్ను పడినవారు గొర్రెలను దాటి వెళ్ళిపోయారు. మా ప్రాంతం ఆనాడు కాకతీయుల ఏలుబడిలోనిదే కనుక ఆ గొర్రెల లెక్కలో మావీ కొన్ని ఉండి ఉంటాయని మురిసిపోతే తప్పులేదు.

సాలెగూడు మాట వచ్చింది కనుక ఒక చిన్న పక్కదారి. సంస్కృతంలో సాలెపురుగును ఊర్ణనాభము అంటారు, బొడ్డులో ఉన్ని గలది అని. ఊర్ణ ప్రాకృతంలో ఉణ్ణ అయి తెలుగులో ఉన్ని అయింది. ఆంగ్లేయుల ఉల్, లాటిను వారి లానా కూడా ఈ ఊర్ణకు తోబుట్టువులే అని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. ఇక కంబళము. పాణిని తన అష్టాధ్యాయి ఐదవ అధ్యాయంలో కంబలశబ్దం మీద ప్రత్యేకంగా ఒక సూత్రం చేశాడు. దానివల్ల సిద్ధించే కంబల్యము అనే మాటకు నూరు పలముల ఉన్ని అని కాశికావృత్తి అర్థం చెప్పింది. ఒక కంబళికి ఇంత ఉన్ని అని తూకం స్థిరపడి, ఆ తూకానికి ఒక పేరు కూడా ఏర్పడిందంటే, ఆ నేత అప్పటికే ఎంత వ్యవస్థితమైన వృత్తియో ఊహించుకోవచ్చు.

పసిబిడ్డ బట్టలను గూర్చి మన వైద్యగ్రంథాలు ఏమన్నాయి? చరకసంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో కుమారాగార వర్ణన ఉన్నది. బిడ్డ పడకా, పరుపూ, కప్పే బట్టా మెత్తగా, తేలికగా, శుచిగా, సువాసనగా ఉండాలన్నాడు. చెమటతో, మలమూత్రాలతో చెడినవాటిని విడిచిపెట్టాలన్నాడు. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. నాకు చరకునిపై గౌరవం కలిగించినది ఆ తరువాతి మాట. వేరే బట్టలు లేకపోతే, వాటినే బాగా ఉతికి, ధూపం వేసి, చక్కగా ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చునన్నాడు. పేదింటి పురుడు చూచినవాడు చెప్పిన మాట అది. మా ఇళ్ళలో పుష్యమి కార్తె ముసురుకు గుడ్డలు ఆరనప్పుడు, కుంపటి మీద గంప బోర్లించి, గంప మీద గుడ్డలు పరచి, నిప్పులలో కాస్త సాంబ్రాణి వేసేవారు. ఆ స్త్రీలెవరూ చరకుని చదవలేదు. సుశ్రుతుడు మాత్రం బిడ్డను క్షౌమంలో చుట్టి, క్షౌమం పరచిన పడకపై పరుండబెట్టమన్నాడు. క్షౌమం అంటే అవిసెనారతో నేసిన బట్ట. ఇద్దరిలో ఎవరూ బిడ్డ పడకలో ఉన్ని పరచమనలేదు. గొంగడి శాస్త్రంనుంచి రాలేదు, మందనుంచి వచ్చింది. అన్నిటికీ శాస్త్రప్రమాణం వెదికే అలవాటున్నవారికి ఇది కొంచెం నిరాశ కలిగించవచ్చు.

అయితే ఉన్ని శుద్ధిని గూర్చి ధర్మశాస్త్రం పలికింది. మనుస్మృతి ఐదవ అధ్యాయంలో పట్టుకూ ఉన్నికీ చౌడుమన్నుతోను, కుతపమనే కంబళికి కుంకుడుకాయలతోను శుద్ధి చెప్పబడింది. ఈ రెండింటిలో కుంకుడే మేలని నా అభిప్రాయం. చౌడులోని క్షారం ఉన్నికి పడదు. ఆచారవంతుల ఇళ్ళలో ధావళి కట్టుకొని మడి పాటించడం చాలామంది ఎరిగినదే. నూలుబట్ట ఏ రోజుకారోజు తడిపి ఆరవేస్తే గాని మడికి పనికిరాదు. ఉన్నికి ఆ నియమం లేదు. దీనిలో ఆచారమెంత, అనుభవమెంత అని విడదీయడం కష్టం. కాని ఉన్నిని మాటిమాటికి ఉతకనక్కరలేదు అన్న సంగతి మాత్రం పూజగదిలోనూ, గొల్లవారి పురిటింట్లోనూ ఒకటే.

ఎందుకు అక్కరలేదు? ఉన్ని వెంట్రుక పైపొర చేప పొలుసులవంటి పొలుసులతో ఉంటుంది. దాని మీద సహజంగా కొవ్వు పూత ఉంటుంది. అందువల్ల నీటిబొట్టు పైన నిలబడిపోతుంది. వెంట్రుక లోపలి భాగం మాత్రం ఆవిరి రూపంలో ఉన్న తేమను పీల్చుకుంటుంది. తన బరువులో ఇంచుమించు మూడోవంతు దాకా తేమ పీల్చుకున్నా చేతికి తడి తగలదు. ఆ తేమను మెల్లగా గాలిలోకి వదిలేస్తుంది. రబ్బరుకూ ఉన్నికీ భేదం ఇదే. రబ్బరు నీటినీ ఆపుతుంది, ఆవిరినీ ఆపుతుంది. బిడ్డ ఒళ్ళు ఉడికినట్లవుతుంది. ఉన్ని నీటిని అటకాయించి ఆవిరిని పోనిస్తుంది. ఆ కొవ్వును శుద్ధి చేసి లానోలిన్ అని పేరు పెట్టినవారు జర్మనీలో ఓస్కార్ లీబ్రైఖ్, ఓటో బ్రౌన్ అనేవారు, 1882లో. అందులో లానా మన ఊర్ణయే. ఉన్నినుంచి ఆ కొవ్వు తీసే పద్ధతిని గ్రీకు వైద్యుడు డయోస్కోరిడీస్ క్రీస్తుశకం మొదటి శతాబ్దంలోనే వ్రాసిపెట్టాడు కనుక, జర్మనులు కొత్తగా చేసినది పేరూ, శుద్ధీ.

చలిదేశాల కథ క్లుప్తంగా చెబుతాను. ఇంగ్లండులో బిడ్డ నూలుగుడ్డపై కట్టే ఫ్లానెలు తొడుగును పిల్చ్ అనేవారు. తోలు ఉడుపు అని అర్థమిచ్చే లాటిను మాటనుంచి అది వచ్చింది. అమెరికాలో అల్లిన ఉన్ని లాగును సోకర్ అన్నారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఇంటింటా ఆడవారు వాటిని అల్లుకున్నారు. రబ్బరు వైపు చూస్తే, 1823లో గ్లాస్గో నగరవాసి చార్లెస్ మాకింటాష్ రబ్బరు పట్టించిన బట్టకు హక్కుపత్రం పొందాడు. మన ఆసుపత్రులలో రబ్బరు గుడ్డను మెకింటాష్ అనడం అతని పేరుమీదుగానే. తొలినాళ్ళలో ఆ రబ్బరు పూత ఉన్నిబట్ట మీద నిలిచేది కాదు, ఉన్నిలోని కొవ్వు దానిని పాడుచేసేది. ఈ రెండింటి వైరం పుట్టుకతో వచ్చినదన్నమాట. 1940ల చివర మారియన్ డోనవన్ అనే అమెరికా ఇల్లాలు స్నానాల గదికి వేసే జలనిరోధక తెరను కత్తిరించి డైపరు తొడుగు కుట్టింది. 1951లో దానికి హక్కుపత్రం వచ్చింది. 1961లో పాంపర్స్ బజారులోకి వచ్చింది. అక్కడితో ఉన్ని లాగు చాలా ఇళ్ళలో అటకెక్కింది.

మళ్ళీ దిగింది కూడా. వాడి పారవేసే డైపర్ల చెత్త చూచి విసిగినవారూ, బిడ్డకు ఒరుపులు వచ్చి బెంగపడినవారూ, అమెరికాలో ఐరోపాలో కొందరు బట్ట డైపరుకూ దాని మీద ఉన్ని తొడుగుకూ తిరిగి వెళ్ళారు. మా బంధువుల అమ్మాయి అమెరికానుంచి పురిటికి వచ్చినప్పుడు అటువంటి తొడుగులు మూడు తెచ్చుకుంది. వాటితో ఒక చిన్న డబ్బా, వాడే పద్ధతి అచ్చువేసిన కాగితం. తడిసిన ప్రతిసారీ లోపలి నూలుగుడ్డ మార్చాలి. తొడుగును మాత్రం ఉతకనక్కరలేదు, గాలికి ఆరవేస్తే చాలు. మలం అంటితే తప్ప రెండు మూడు వారాలకు ఒకసారి గోరువెచ్చని నీటిలో మెల్లగా ఉతకాలి. వేడినీరు, ఘాటైన సబ్బు తగలకూడదు, తగిలితే పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకొని బట్ట ముడుచుకుపోతుంది. నీరు ఆగడం తగ్గితే డబ్బాలోని లానోలిన్ గోరువెచ్చని నీటిలో కలిపి నానబెట్టాలి. ఇది చదివి వినిపిస్తుంటే, మా ఇంటికి పాలు పోయడానికి వచ్చిన గొల్లల పెద్దమ్మ, ఎనభై దాటిన మనిషి, ఆ తొడుగును చేతిలోకి తీసుకొని వాసన చూసింది.

"ఇది గొర్రె బొచ్చే గద పంతులుగారూ, లాగు కుట్టిండ్రు, అంతే" అన్నది.

"అవును పెద్దమ్మా, మన గొంగడి వంటిదే. కాస్త మెత్తటి గొర్రె" అన్నాను.

"ఆ డబ్బల ఉన్నదేంది మరి?"

"గొర్రె కొవ్వే. ఉన్నిలోనుంచి తీసి అమ్ముతారు."

"తీసుడెందుకు, మళ్ళ పూసుడెందుకు?" అని నవ్వి వెళ్ళిపోయింది.

నేను చెప్పదలచినంత ఆమె ఒక్క ముక్కలో చెప్పింది. మిల్లులో ఉన్నిని కడిగినప్పుడు కొవ్వు పోతుంది, అది వేరుగా అమ్ముడవుతుంది, ఇంటికి వచ్చిన తరువాత మళ్ళీ పట్టించాలి. గొంగడిలో ఆ కొవ్వు చాలామట్టుకు ఉన్నచోటనే ఉండేది. గొర్రె వాసన రావడం అందుకే. ఆ వాసన పోగొట్టాలని చూచినవారు గుణాన్ని కూడా పోగొట్టుకున్నారు.

అయితే మన ఇళ్ళలో గొంగడి ఎలా పోయింది? రబ్బరు గుడ్డ వచ్చి పోయింది అని ఒక సమాధానం. ఆసుపత్రి కాన్పులు పెరిగాక, బిడ్డతో పాటు ఎర్రటి రబ్బరు గుడ్డ ఇంటికి వచ్చింది. తరువాత రంగురంగుల ప్లాస్టిక్ గుడ్డ. 1990ల తరువాత పట్టణాల్లో డైపరు, ఇప్పుడు పల్లెల్లోనూ డైపరే. ఇది నిజమే గాని సగం నిజం. ఎవరైనా గొంగడి కావాలని వెదికినా దొరకకపోవడం మిగతా సగం. అది గొర్రె కథ.

దక్కని గొర్రెకు నల్లటి ముతక ఉన్ని. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుక మాత్రమే. ఒళ్ళంతా తెలుపైతే పల్ల, తెలుపుపై నల్లని గుర్తులుంటే జోడిపి, ఎరుపైతే దొర అని అందులో మూడు రకాలు చెబుతారు. అది ఎత్తరి, మాంసానికి మేలైనది. 1970ల తరువాత మాంసానికి గిరాకీ పెరిగినకొద్దీ నెల్లూరు పొట్టేళ్ళను దక్కని మందల్లోకి వదిలారు. ఒక ఈతలో ఉన్ని తగ్గింది, మరి రెండు మూడు ఈతలకు మాయమైంది. కాపరిని తప్పుపట్టడానికి వీలులేదు. ఉన్నికి రేటు లేదు, మాంసానికి ఉన్నది. అటు పానిపట్టు మిల్లులనుంచి చింకి ఉన్నిబట్టలను తిరిగి వడికి నేసిన దుప్పట్లు చవకగా వచ్చిపడ్డాయి. గొంగడి నేయడానికి పట్టే రోజుల కూలి కూడా దాని వెలలో గిట్టలేదు. ఇటు మా వైపు మేత తగ్గింది. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ నీరు క్రమంగా మా పొలాలకు కూడా చేరింది. వరి వచ్చింది, మా కడుపులు నిండాయి, ఆ మాట కాదనను. కాని బీళ్ళు మళ్ళయ్యాయి, మందలు అడవి దారి పట్టాయి. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ పథకం మొదలుపెట్టి, డెబ్బై ఐదు శాతం రాయితీతో ఇరవై గొర్రెలూ ఒక పొట్టేలూ కలిపి ఒక్కొక్క యూనిట్‌గా ఇచ్చింది. వాటిని పొరుగు రాష్ట్రాలలో కొని తెచ్చారు. కాపరి కుటుంబానికి అది ఆదాయమే, కాని ఆ లెక్కలో ఉన్నికి చోటు లేదు.

దక్కని జాతి ఉన్ని ఇంకా కొన్ని మందల్లో ఉన్నది. ఉన్నచోట కూడా కత్తెర వేయక తప్పదు, వేయకపోతే గొర్రెకు పేలు, వేసవి ఉడుకు. ఒకప్పుడు కత్తిరించినవాడు ఉన్ని పట్టుకుపోయేవాడు. ఇప్పుడు కాపరే ఎదురు కూలి ఇచ్చి కత్తిరింపిస్తున్నాడు. ఆ ఉన్నిని కొనేవాడు రాడు. కంచె పక్కన కుప్పగా పడి ఉంటుంది. తొలకరి పడినప్పుడు ఆ కుప్ప పైపైన తడుస్తుంది, లోపల చెయ్యి పెట్టి చూస్తే పొడిగానే ఉంటుంది.